దుబాయ్‌లో రెండో ఇల్లు: బయానా ఇచ్చే ముందు చూసుకోవలసిన లెక్కలు

జగిత్యాల: ఒకప్పుడు ఈ ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లినవారు అక్కడ కూడబెట్టిన సొమ్ముతో సొంత ఊళ్లో డాబా ఇల్లు కట్టుకొనేవారు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ పరిసర గ్రామాల్లో రోడ్డు పక్కన కనిపించే రెండంతస్తుల భవనాల్లో అనేకం అలా లేచినవే. ఇప్పుడు సొమ్ము ఎదురు దిశలోనూ ప్రయాణిస్తోంది. ఇక్కడ ఎకరం అమ్మిన రైతు, పదవీ విరమణ సొమ్ము చేతికందిన ఉద్యోగి, అమెరికాలో కుమారుడున్న ఉపాధ్యాయ దంపతులు అక్కడ ఒక ఫ్లాటు కొనాలని ఆలోచిస్తున్నారు. గత ఏడాది కరీంనగర్‌లోని ఒక హోటల్‌లో జరిగిన అటువంటి అమ్మకాల సమావేశానికి ఈ విలేకరి కూడా వెళ్లడం జరిగింది. చల్లని గది, తెరపై సముద్రం, బల్లపై గాజు భవనాల నమూనాలు, చివర భోజనం. ఐదేళ్లలో ధర రెట్టింపు అవుతుందని, అద్దె ఏటా 8 శాతం వస్తుందని, పన్ను ఏమీ ఉండదని ప్రతినిధులు వివరించారు. ఆ రోజే బయానా చెల్లిస్తే రాయితీ ఉంటుందని కూడా చెప్పారు. అక్కడ చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని వివరించడమే ఈ కథనం ఉద్దేశం.

పరాయివారికి హక్కు ఎలా వచ్చింది?

దుబాయ్‌లో విదేశీయులు ఇల్లు కొనడం పాత ఆచారం కాదు. 2002లో అప్పటి యువరాజు షేక్ మహమ్మద్ బిన్ రషీద్ అల్ మక్తూమ్ తొలిసారిగా విదేశీయులకు కొన్ని ప్రాంతాల్లో ఫ్రీహోల్డ్ ఇళ్లు కొనే అవకాశం ప్రకటించారు. ఇల్లుతో పాటు భూమిలో వాటాపైనా కాలపరిమితి లేని పూర్తి హక్కు ఉండటాన్నే ఫ్రీహోల్డ్ అంటారు. ఆ ప్రకటనకు చట్టబద్ధత మాత్రం నాలుగేళ్ల తరువాత, 2006 నాటి 7వ నంబరు చట్టంతో లభించింది. అంటే ఆ నాలుగేళ్లలో కొన్నవారంతా ప్రభుత్వం మాటపైన, కట్టడందారు కాగితంపైన నమ్మకంతో కొన్నవారే. కొత్తగా తెరుచుకొనే స్థిరాస్తి విపణి లక్షణం ఇదే. ముందు అమ్మకం మొదలవుతుంది, చట్టం వెనుక నుంచి వస్తుంది.

ఈనాటికీ విదేశీయులు దుబాయ్ అంతటా కొనలేరు. పాలకుడు నిర్దేశించిన ప్రాంతాలకే ఆ హక్కు పరిమితం. దుబాయ్ మెరీనా, పామ్ జుమేరా, బిజినెస్ బే, జుమేరా విలేజ్ సర్కిల్, ఇంటర్నేషనల్ సిటీ వంటివి వాటిలో ఉన్నాయి. మనవారు ఎక్కువగా అద్దెకుండే దేరా, కరామా వంటి పాత బస్తీలు చాలావరకు ఆ జాబితాలో లేవు. కొన్నిచోట్ల పూర్తి హక్కు కాక 99 ఏళ్ల వరకు కౌలు హక్కు మాత్రమే ఇస్తారు. షార్జా, అజ్మాన్ వేరే ఎమిరేట్లు. అక్కడి నిబంధనలు వేరు. దుబాయ్ అని చెప్పి పక్క ఎమిరేటులోని ఫ్లాటు చూపించే దళారులూ లేకపోలేదు కాబట్టి ఇల్లు ఏ ఎమిరేటులో ఉందో ముందుగా అడగాలి.

2008 చెప్పిన పాఠం

2002 నుంచి 2008 వరకు దుబాయ్‌లో ఇళ్ల కంటే ఇళ్ల కాగితాలే ఎక్కువగా చేతులు మారాయి. ధరలో పది శాతం చెల్లించి బుకింగ్ పత్రం తీసుకోవడం, కొద్ది నెలల్లోనే దానిని లాభానికి మరొకరికి అమ్మడం వ్యాపారంగా మారింది. పునాది తీయని భవనంలోని ఒకే ఫ్లాటు పలుమార్లు అమ్ముడైన సందర్భాలున్నాయి. 2008 సెప్టెంబరులో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం దుబాయ్ తీరాన్ని తాకడంతో బ్యాంకులు రుణాలు నిలిపివేశాయి. కొనేవాడు మాయమయ్యాడు. గరిష్ఠ స్థాయి నుంచి ఇళ్ల ధరలు సగానికి పైగా పడిపోయాయి. 2009 నవంబరులో ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ తన అప్పుల చెల్లింపునకు గడువు కోరడంతో ప్రపంచ మార్కెట్లు ఉలిక్కిపడ్డాయి. మరుసటి నెల అబుధాబి 1,000 కోట్ల డాలర్ల సాయం అందించాల్సి వచ్చింది. వందలాది నిర్మాణాలు ఆగిపోయాయి, లేదా రద్దయ్యాయి. ఆ భవనాలకు కాంక్రీటు మోసిన మన జిల్లాల కూలీలు వేలాదిగా ఇంటిముఖం పట్టారు. ఆ సంగతి ఇక్కడి పాఠకులకు కొత్త కాదు.

ఆ దెబ్బ కూలీలకే పరిమితం కాలేదు. ఈ విలేకరికి దగ్గరి బంధువు ఒకరు అప్పుడు దుబాయ్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. 2008 ప్రారంభంలో ఒక స్టూడియో ఫ్లాటు బుక్ చేసుకొని, అయిదో వంతు సొమ్ము చెల్లించి, మిగిలిన కిస్తులకు ముందు తేదీలతో చెక్కులు రాసి ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి స్థలంలో గొయ్యి తప్ప మరేమీ లేదు. కంపెనీ జీతాలు తగ్గించింది. ఆ దేశంలో అప్పట్లో చెక్కు చెల్లకపోవడం జైలుకు పంపే నేరం. 2009లో సెలవుపై వచ్చిన ఆయన కేసు భయంతో తిరిగి వెళ్లలేదు. ఉద్యోగం పోయింది, సొమ్ము పోయింది. ఆ కాగితాలు మాత్రం నేటికీ ఆయన బీరువాలో భద్రంగా ఉన్నాయి. పారేయడానికి మనసు ఒప్పడం లేదని ఆయన అంటుంటారు. ఖాతాలో సొమ్ము లేక చెక్కు వెనక్కి రావడాన్ని సాధారణ సందర్భాల్లో నేరంగా పరిగణించకుండా 2022 జనవరి నుంచి అక్కడి చట్టం మార్చారు. అయితే బాకీ వసూలుకు కోర్టు ద్వారా నేరుగా అమలు కోరే హక్కు చెక్కు పుచ్చుకున్నవారికి ఉంది.

ధరల ఆటుపోట్లు అంతటితో ఆగలేదు. తిరిగి పుంజుకున్న ధరలు 2014లో మరో శిఖరాన్ని చేరి, ఆ తరువాత 2020 వరకు క్రమంగా జారాయి. 2021 నుంచి మళ్లీ వేగంగా పెరిగాయి. భారతీయులు విదేశీ కొనుగోలుదారుల్లో ముందు వరుసలో నిలిచారు. 2025 మే నెలలో ఫిచ్ రేటింగ్ సంస్థ, కొత్త ఇళ్లు పెద్ద సంఖ్యలో పూర్తికానున్నందున ధరలు 15 శాతం వరకు తగ్గవచ్చని అంచనా వేసింది. అంచనా నిజమవుతుందా కాదా అన్నది వేరే మాట. ఇరవై ఏళ్లలో రెండుసార్లు పడిన మార్కెట్‌లో ధర పెరగడమే తప్ప తగ్గదని చెప్పే మాటకు ఆధారం లేదు.

ఎస్క్రో ఖాతా అంటే ఏమిటి?

సంక్షోభానికి ముందూ వెనుకా వచ్చిన చట్టాలు కొనుగోలుదారుకు కొంత రక్షణ కల్పించాయి. వాటిలో ముఖ్యమైనది 2007 నాటి 8వ నంబరు చట్టం. దీని ప్రకారం నిర్మాణానికి ముందే ఫ్లాట్లు అమ్మే ప్రతి ప్రాజెక్టుకూ బ్యాంకులో విడిగా ఒక ఎస్క్రో ఖాతా ఉండాలి. కొన్నవారి సొమ్ము అందులోనే జమ కావాలి. పని సాగిన మేరకే కట్టడందారు దాని నుంచి తీసుకోగలడు. ఒక ప్రాజెక్టు సొమ్ము మరో ప్రాజెక్టుకు మళ్లించరాదు. నిర్మాణం పూర్తయ్యాక కూడా అయిదు శాతం సొమ్మును ఏడాది పాటు ఖాతాలోనే నిలిపి ఉంచుతారు. అదే ఏడాది నియంత్రణ సంస్థ రేరా ఏర్పడింది.

2008 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అమ్మకం తాత్కాలిక రిజిస్టరులో నమోదు కావాలి. దీనిని అక్కడ ఉకూద్ అంటారు. నమోదు కాని అమ్మకం చెల్లదు. మన వద్ద ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినట్లే అక్కడ ఈ రెండూ చూసుకోవాలి. దుబాయ్ భూముల శాఖకు చెందిన దుబాయ్ రెస్ట్ అనే మొబైల్ యాప్‌లో ప్రాజెక్టు పేరు కొడితే అది నమోదైనదో కాదో, పని ఎంత శాతం పూర్తయిందో తెలుస్తుంది. దళారీకి రేరా నమోదు సంఖ్య ఉండాలి. సొమ్ము కంపెనీ పేరిట ఉన్న మరో ఖాతాకో, దళారీ సొంత ఖాతాకో పంపమంటే అక్కడే ఆగిపోవడం మేలు.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించాలి. రేరా అనే పేరు రెండు చోట్లా ఉండటంతో, హైదరాబాద్‌లోని రేరాకు ఫిర్యాదు చేయవచ్చని పలువురు భావిస్తున్నారు. మన దేశంలో 2016లో వచ్చిన చట్టం దేశంలోని ప్రాజెక్టులకే వర్తిస్తుంది. సమావేశం కరీంనగర్‌లో జరిగినా, రసీదు ఇక్కడే ఇచ్చినా, ఇల్లు దుబాయ్‌లో ఉంటే ఇంటికి సంబంధించిన వివాదాన్ని అక్కడి సంస్థలు, అక్కడి న్యాయస్థానాల ముందే తేల్చుకోవాలి.

కిస్తులు ఆగితే పరిస్థితి కూడా తెలిసి ఉండాలి. కొనుగోలుదారు చెల్లింపు ఆపితే భూముల శాఖ ద్వారా 30 రోజుల నోటీసు ఇస్తారు. అప్పటికీ చెల్లించకుంటే ఒప్పందం రద్దు చేసుకొనే హక్కు కట్టడందారుకు ఉంది. పని 60 శాతం దాటి ఉంటే ఇంటి ధరలో 40 శాతం వరకు, అంతకంటే తక్కువ ఉంటే 25 శాతం వరకు అతడు అట్టిపెట్టుకోవచ్చు. గమనించవలసింది ఏమంటే, ఇది కట్టిన సొమ్ములో శాతం కాదు, మొత్తం ఇంటి ధరలో శాతం. పాతిక శాతం కట్టి ఆగిపోయినవారికి ఏమీ తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడి నుంచి సొమ్ము పంపాలంటే

దుబాయ్‌లోనే ఉద్యోగం చేస్తూ అక్కడి జీతంతో కొనేవారికి మన రిజర్వు బ్యాంకు పరిమితులు అడ్డురావు. తిరిగి వచ్చి స్వదేశంలో స్థిరపడిన తరువాత కూడా, విదేశంలో నివసించిన కాలంలో కొన్న ఆస్తిని ఉంచుకోవచ్చని విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, సెక్షన్ 6(4) చెబుతోంది. చిక్కంతా ఇక్కడ నివసిస్తూ అక్కడ కొనాలనుకొనేవారికే.

రిజర్వు బ్యాంకు 2004లో ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం, వాడుకలో ఎల్‌ఆర్‌ఎస్, కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు మాత్రమే విదేశాలకు పంపగలడు. (మన పంచాయతీల్లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు వాడే ఎల్‌ఆర్‌ఎస్‌కు, దీనికి సంబంధం లేదు.) దుబాయ్ కరెన్సీ దిర్హాము డాలరుతో ముడిపడి ఉంది. డాలరుకు 3.6725 దిర్హాములు. ఆ లెక్కన పది లక్షల దిర్హాముల ఫ్లాటు అంటే సుమారు 2.72 లక్షల డాలర్లు. అంటే ఆ సొమ్మును ఒక్కరి పేరిట ఒకే ఏడాదిలో పంపడం వీలుకాదు. భార్యాభర్తలు కలిసి కొంటే ఇద్దరి పరిమితినీ కలుపుకోవచ్చు, కానీ పంపే సొమ్ము ఎవరిది వారిదిగా ఉండాలి, ఆస్తిలో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఈ చెల్లింపులకు మన బ్యాంకులు అప్పు ఇవ్వరాదు. ఇక్కడి ఇల్లు తనఖా పెట్టి దుబాయ్ ఫ్లాటు బయానా కడదామనే ఆలోచనకు తావు లేదు.

తరువాతిది మూలం వద్ద వసూలు చేసే పన్ను, టీసీఎస్. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటి ఇటువంటి అవసరానికి పంపే సొమ్ముపై బ్యాంకు 20 శాతం ముందుగానే వసూలు చేస్తుంది. 2025 చివరినాటికి దిర్హాము విలువ 24 రూపాయలు దాటింది. 24.50గా లెక్కిస్తే పది లక్షల దిర్హాములు 2.45 కోట్ల రూపాయలు. దంపతులు చెరి సగం పంపితే, ఒక్కొక్కరు 10 లక్షలు పోగా మిగిలిన 1.12 కోట్లపై 22.5 లక్షలు, ఇద్దరూ కలిపి 45 లక్షలు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఇది ఖర్చు కాదు. రిటర్ను దాఖలు చేసినప్పుడు చెల్లించవలసిన పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వాపసు వస్తుంది. అయితే అప్పటిదాకా ఆ సొమ్ము ప్రభుత్వం వద్దే ఉంటుంది. కరీంనగర్ సమావేశంలో రెండు గంటల పాటు సాగిన ప్రసంగంలో ఈ 45 లక్షల ఊసే రాలేదు.

ఈ బాధ తప్పించుకొనేందుకు హుండీ మార్గం చూపించేవారు ప్రతి పట్టణంలో ఉన్నారు. ఇక్కడ నగదు ఇస్తే అక్కడ దిర్హాములు కట్టేస్తామంటారు. ఫెమా కింద దీనికి ఉల్లంఘన మొత్తానికి మూడింతల వరకు జరిమానా పడవచ్చు. విదేశంలో అక్రమంగా కొన్న ఆస్తి విలువకు సమానమైన ఆస్తిని ఇక్కడ స్వాధీనం చేసుకొనే అధికారం కూడా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌కు ఉంది. అంటే ఎడారిలోని ఫ్లాటు కోసం ఊళ్లోని తాతల నాటి పొలానికే ఎసరు రావచ్చు.

కనిపించని ఖర్చులు

ప్రకటనలోని ధర కొనుగోలు ధర కాదు. దుబాయ్ భూముల శాఖ నమోదు రుసుము 4 శాతం. 2013లో దీనిని 2 శాతం నుంచి పెంచారు. పాత ఫ్లాటు అయితే దళారీ రుసుము సాధారణంగా 2 శాతం, దానిపై 5 శాతం వ్యాట్. పది లక్షల దిర్హాముల ఇంటికి ఈ రెండే 61 వేల దిర్హాములు, అంటే దాదాపు 15 లక్షల రూపాయలు. ఆపైన ఏటా భవన నిర్వహణ చార్జీలు. ఇవి చదరపు అడుగు లెక్కన ఉంటాయి. అడుగుకు 15 దిర్హాములనుకుంటే 700 అడుగుల ఫ్లాటుకు ఏడాదికి 10,500 దిర్హాములు. ఇల్లు ఖాళీగా ఉన్నా ఇవి తప్పవు. కట్టకుంటే ఆస్తిని వేలం వేయించే దాకా వెళ్లవచ్చు.

కిస్తుల్లో కొనేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 2008 మొదట్లో దిర్హాము 11 రూపాయల లోపే ఉండేది. రూపాయి బలహీనపడటం అప్పటికే పూర్తి సొమ్ము కట్టినవారికి కలిసివచ్చింది. అదే కిస్తులు బాకీ ఉన్నవారికి భారమవుతుంది. ఆరు లక్షల దిర్హాములు బాకీ ఉండగా మారకం 24.50 నుంచి 28కి చేరితే, ఫ్లాటు ధర ఒక్క దిర్హాము పెరగకపోయినా 21 లక్షల రూపాయలు అదనంగా సమకూర్చుకోవాలి.

అద్దె విషయానికొస్తే, అద్దెదారుకు అక్కడ గట్టి రక్షణ ఉంది. ఒప్పందం ఇజారీ అనే పద్ధతిలో నమోదు కావాలి. అద్దె ఇష్టం వచ్చినట్లు పెంచరాదు, ప్రభుత్వ సూచికకు లోబడే పెంచాలి. సొంతానికి కావాలన్నా, అమ్మదలచినా 12 నెలల ముందు నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డు పోస్టు ద్వారా గానీ నోటీసు ఇవ్వాలి. సెలవులకు వెళ్లి ఉందామని రెండో ఇల్లు కొని, మధ్యలో అద్దెకిచ్చినవారు ఈ నిబంధనతో ఇబ్బంది పడుతున్నారు.

పన్ను లేదన్న మాట సగమే నిజం. అద్దెపై అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. కానీ స్వదేశంలో నివసించే వ్యక్తికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయంపైనైనా ఇక్కడ పన్ను పడుతుంది. అద్దెలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలినది ఆదాయంలో చూపాలి. రెండేళ్లకు పైగా ఉంచుకొని అమ్మితే లాభంపై 12.5 శాతం. పైగా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో ఆ ఇంటిని ఏటా చూపాలి. చూపకుంటే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. చిన్న మొత్తాల విదేశీ ఖాతాలకు 2024లో ఇచ్చిన మినహాయింపు ఇళ్లకు, స్థలాలకు వర్తించదు. గల్ఫ్ నుంచి శాశ్వతంగా తిరిగి వచ్చినవారు కూడా, ప్రవాస హోదా పూర్తిగా ముగిసి సాధారణ నివాసిగా మారిన ఏడాది నుంచి ఈ పట్టిక నింపాలి. తెలియక వదిలేస్తున్నవారు మన ప్రాంతంలో అధికంగా ఉన్నారు. అక్కడి బ్యాంకు ఖాతాల సమాచారం 2018 నుంచి మన ఆదాయపు పన్ను శాఖకు అందుతోందని గ్రహించాలి.

ఇల్లు కొంటే వీసా వస్తుందనే ఆశ కూడా కొందరిని లాగుతోంది. పదేళ్ల గోల్డెన్ వీసాకు ఆస్తి విలువ కనీసం 20 లక్షల దిర్హాములు, అంటే ఇప్పటి మారకంలో దాదాపు అయిదు కోట్ల రూపాయలు ఉండాలి. అది నివాస అనుమతి మాత్రమే, పౌరసత్వం కాదు.

యజమాని మరణిస్తే

అమ్మకం ప్రతినిధులు ఎప్పుడూ ఎత్తని, కొనేవారు అడగడానికి సంకోచించే విషయం ఇది. భర్త పేరిట దుబాయ్‌లో ఇల్లు ఉండి ఆయన హఠాత్తుగా మరణిస్తే, ఊళ్లో ఉన్న భార్య తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకొనే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతోనే ఆ ఇల్లు ఆమె పేరిట మారదు. అక్కడి న్యాయస్థానం ఉత్తర్వు కావాలి. ఇక్కడి పత్రాలకు మన విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం ధ్రువీకరణలు, అరబిక్ అనువాదం అవసరమవుతాయి. కుమారుడికో తమ్ముడికో జీపీఏ ఇచ్చి పంపాలన్నా ఇదే వరుస.

ముస్లిమేతరుల వారసత్వానికి 2023 ఫిబ్రవరి 1 నుంచి ఆ దేశంలో ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చింది. వీలునామా లేకుంటే సగం జీవిత భాగస్వామికి, మిగిలిన సగం కుమారులు, కుమార్తెల మధ్య సమానంగా దక్కుతుంది. ముస్లిం కుటుంబాలకు షరియా వాటాల పద్ధతి వర్తిస్తుంది. తల్లిదండ్రులకు కూడా వాటా ఇవ్వాలనుకొనే హిందూ కుటుంబాలు వీలునామా రాసి పెట్టుకోవడం తప్పనిసరి. ముస్లిమేతరులు దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ వీలునామాల కేంద్రంలో దానిని నమోదు చేసుకొనే సదుపాయం 2015 నుంచి ఉంది. ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు వెళ్లిన ప్రయాణంలోనే ఈ పని కూడా ముగించుకుని, నకలు ఒకటి, ఉకూద్ లేదా యాజమాన్య పత్రం నకలు ఒకటి, ఎల్‌ఆర్‌ఎస్ చెల్లింపు రసీదులు ఇంట్లో భార్యకు తెలిసిన చోట ఉంచాలి.